రెండు విడతల గంట

మొన్న శనివారం సామాన్ల సంచులు మోసుకుంటూ వస్తే, మా బిల్డింగ్ తలుపు పక్కన క్లింగెల్ అనే కాలింగ్ బెల్ బటన్ల వరసలో రెండో అంతస్తు పేరు చీటీ మారిపోయి కనిపించింది. ఎవరిదో పొట్టి పేరు. బిల్డింగ్ మరమ్మతులు చూసే మా హౌస్‌మైస్టర్‌కి మెట్ల మీద బల్బు పోయిందని చెబితే వారాలు గడిచిపోతాయి. అలాంటి మనిషి ఈ ఒక్క పని మాత్రం ఎంత చురుగ్గా చేశాడో! ఒళ్ళు మండిపోయింది నాకు. పాల డబ్బాలు కింద పెట్టి కాసేపు అక్కడే నిలబడ్డాను. పైకి ఎక్కే ఓపిక లేక కూడా.

రెండో అంతస్తులో ఉండే ఆమెను నేను నేని అనేదాన్ని. పెద్దావిడను పిలవడానికి వాళ్ళ భాషలో ఉన్న మాట అది, మనం పెద్దమ్మా అన్నట్టు. మొదటిసారి విన్నప్పుడు మా ఆయన, "ఏందే, సగం ఇంటిపేరు చెప్పి ఊకున్నదా ఆమె?" అని అడిగాడు. మన ఇంటిపేర్ల చివర వచ్చే నేని అనుకున్నాడు పాపం. ఆ తర్వాత తనూ నేనీ అనే పిలిచాడు. మా చిన్నోడైతే ఓమా, అంటే అమ్మమ్మా అనేవాడు. వాడు పుట్టింది ఇక్కడ జర్మనీలోనే, కార్ల్స్‌రూహెలో, వాడికి ముసలివాళ్ళంతా ఓమాలూ ఓపాలే.

నేని ఊరు ఇప్పటి లెక్కన యుక్రెయిన్‌లో ఉంది. కాని అక్కడ ఇళ్ళలో, చేలల్లో, చర్చిలో అందరూ మాట్లాడేది హంగేరియన్. యుక్రెయిన్ భాష పోస్టాఫీసులోనూ పోలీసుల దగ్గరా మాత్రమే వినిపిస్తుందట. ఎవరైనా "యుక్రెయిన్ మనిషివా?" అని అడిగితే తలూపేది. "హంగేరియా?" అంటే దానికీ తలూపేది. "రష్యనా?" అంటే మాత్రం తలుపు మొహం మీదే వేసేసేది. మొగుడు పోయాక, నలభై దాటాక, పిల్లాజెల్లా లేని మనిషి కాబట్టి, జర్మనీలో ముసలివాళ్ళను కనిపెట్టుకుని ఉండే పనికి వచ్చింది. వాళ్ళకు వండిపెట్టి, స్నానాలు చేయించి, ఒక్కొక్కరినే సాగనంపుతూ సాగనంపుతూ చివరికి తనే ముసలిదయిపోయింది. అప్పటికి ఆమెను చూసుకునే మనిషి లేదు. ఎదురింట్లో మేము ఉన్నాం, అంతే.

ఆమె జర్మన్ వింటే నాకు అలసట కాస్త తీరేది. వాళ్ళ భాషలో అతడికీ ఆమెకీ ఒకటే మాటట. అందుకని ఇన్నేళ్ళయినా ఏది ఎవరికో తేల్చుకోలేదు. "మీ ఆయన వచ్చిందా? చెత్త పడేసిందా?" అని అడిగేది. మా చిన్నోణ్ణి వదిలే శిశువిహారం, అదే కీటా, మాటెత్తితే, "ఆ కీటా టీచరమ్మ చాలా మంచివాడు, పిల్లాణ్ణి ముద్దు చేస్తాడు" అనేది. ఒకసారి నేను సరిదిద్దబోతే విసుక్కుంది. "మనిషి ఎదురుగా కనబడుతున్నాడు కదా, చూసుకోండి. మళ్ళీ మాటలో కూడా చెప్పాలా?" అంది. నిజమే కదా అనిపించి, ఆ తర్వాత సరిదిద్దడం మానేశాను.

ఇంకొక అలవాటు ఉండేది. ఏ టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరికిందని చెప్పినా, డాక్టరైనా, కళ్ళద్దాల షాపైనా, ముందు అడిగే మాట, "ఎవరి టైము?" అని. మొదట్లో నాకు తల తిరిగేది. తర్వాత తెలిసింది. వాళ్ళ ఊళ్ళో రెండు టైములు. ప్రభుత్వం వాళ్ళ గడియారం ఒకటి, అది రైళ్ళకీ ఆఫీసులకీ. ఇంట్లో గడియారం ఇంకొకటి, అది మనుషులకి. ఇంటి టైము ఇక్కడి టైముతో సరిగ్గా కలుస్తుంది. "చేతి గడియారం ముట్టుకోకుండా దేశం మారానే పిల్లా" అని గొప్పగా చెప్పుకునేది.

నాకు ఆమె మీద నిజంగా ప్రేమ కలిగింది మాత్రం ఒక పైపు వల్ల. ఆమె బాత్రూమ్‌లో పైపు కారుతుంటే హౌస్‌మైస్టర్ వచ్చాడు. చూసి, "క్లైన ఆర్బైట్" అన్నాడు. చిన్న పని, ఇంకేం లేదు, ఇప్పుడే అయిపోతుందని పాపం ధైర్యం చెప్పాడు. నేని వాణ్ణి భుజం పట్టుకుని బయటికి నెట్టింది. పైపు కారుతూనే ఉంది, కింద ఫ్లాట్ సీలింగ్ తడిసింది, బిల్డింగంతా గోల. నన్ను పంచాయితీకి పిలిచారు. నేను ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, "ఏమైంది నేని, వాడు ఏమన్నాడని?" అని కేకలేశాను.

ఆమె కుర్చీలో కూర్చుని చెప్పింది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోతున్న రోజుల్లో వాళ్ళ ఊళ్ళోకి రష్యన్ సైన్యం వచ్చి, మగవాళ్ళంతా బడి దగ్గరికి రావాలని డప్పు వేయించింది. చిన్న పని ఉంది, కొద్ది రోజుల్లో వచ్చేస్తారు, తినడానికి ఏమన్నా తెచ్చుకోండి అన్నారు. నేని అప్పుడు తల్లి కడుపులో ఉంది. వాళ్ళ నాన్న గుడ్డలో రొట్టె కట్టుకుని వెళ్ళాడు. ఊళ్ళో ఎవరికీ రష్యన్ రాదు. చెవిన పడిన చిన్న పని అన్న ఆ రెండు మాటలే వంకరటింకరగా పలికి, ఆ పోవడానికంతటికీ అదే పేరుగా పెట్టుకున్నారు. చాలామంది తిరిగి రాలేదు. శవాలు లేవు, కబురు లేదు, పైకి ఏడిస్తే కుదరదు. "మా ఊళ్ళో మగవాళ్ళ గంట మోగని ఏళ్ళు అవి. మగవాళ్ళు చావక కాదు" అంది.

ఆ సాయంత్రం హౌస్‌మైస్టర్‌ని పక్కకు పిలిచి, ఆ మాట మళ్ళీ అనవద్దని చెప్పాను. మర్నాడు వాడు సంచీ భుజాన వేసుకుని వచ్చి, గుమ్మంలో నిలబడి, "ఇది చాలా పెద్ద పని అమ్మా, సాయంత్రం దాకా పట్టేట్టుంది" అన్నాడు. నేని లోపలికి రానిచ్చింది. కాఫీ ఇచ్చింది, గసగసాల రొట్టె కూడా పెట్టింది. క్షణాల్లో పని అయిపోయినా, పాపం వాడు మర్యాదకి ఆ బాత్రూమ్‌లోనే చాలాసేపు కూర్చున్నాడు.

మగవాళ్ళ గంట అంటే ఏమిటో అప్పుడే అడిగి తెలుసుకున్నాను. వాళ్ళ ఊళ్ళో మనిషి పోతే చర్చి గంట కొడతారు. మగవాడైతే మధ్యలో ఆపి ఆపి మూడు విడతలు, ఆడదైతే రెండు. గంట వినగానే ఆడవాళ్ళు చేతులు తుడుచుకుంటూ గేటు దగ్గరికి వచ్చి, "ఎవరు?" అని అడుగుతారు. పక్కింటి ఆవిడ చెబుతుంది. ఆమెను ఆ పక్కింటావిడ అడుగుతుంది. అలా పోయిన మనిషి పేరు చివరి ఇంటిదాకా నడిచి వెళుతుంది. బయటి దేశంలో పోయినవాళ్ళకు కూడా కబురు అందితే చాలు, కొడతారు.

మా వీధి చివర కూడా చర్చి ఉంది. అది మోగినప్పుడల్లా నేని గరిటె పట్టుకున్నది పట్టుకున్నట్టే ఆగిపోయేది. ఆపి ఆపి మోగుతుందేమోనని వినేది. ఆగకుండా మోగేసరికి నా వైపు తిరిగి, "ఎవరు?" అనేది.

"ఎవరూ కాదు నేని, మధ్యాహ్నమైంది, అంతే."

"అంత పెద్ద గంట పెట్టుకుని దాంతో టైము చెప్పించుకుంటున్నారా! సిగ్గు లేదు" అనేది. అందులో ఆమెకు ఎంత కోపం ఉండేదో!

ఆమెకు మిగిలిన కోరిక ఒక్కటే. బూడిద ఎక్కడ పెట్టుకున్నా సరే, గంట మాత్రం తన ఊళ్ళో మోగాలి. మోగితే ఎవరో ఒకరు గేటు దాకా వచ్చి ఎవరని అడగాలి. "అడిగితేనే చచ్చినట్టు. అడగకపోతే తప్పిపోయినట్టే" అనేది. ఆ దిగులు ఆమెను తినేసింది. ఎందుకంటే, ఆదివారం ఆదివారం ఆ ఊరి పాస్టరు భార్య ఫోన్ చేసి కబుర్లు చెప్పేది. మళ్ళీ యుద్ధం, మళ్ళీ ఊళ్ళో మగవాళ్ళు లేరు. కొందరు సైన్యంలో, కొందరు సరిహద్దు దాటి, కొందరు సైన్యానికి దొరక్కుండా అటకల మీద. మిగిలింది ముసలమ్మలు, వాళ్ళే ఒకరి తర్వాత ఒకరు పోతున్నారు. రెండు విడతల గంట వినీ వినీ జనానికి అలవాటయిపోయిందట, పొయ్యి దగ్గర నుంచి లేవడం లేదట. "నాకూ లేవరు, చూస్తూ ఉండు" అనేది నేని. "లేస్తారులెండి" అనేదాన్ని. ఆమె నమ్మేది కాదు.

నాకు మాత్రం ఆ ఊరు అంత దూరంగా అనిపించేది కాదు. మాది భద్రాచలం అవతల, గోదావరి పక్క ఊరు. రాష్ట్రం విడిపోయినప్పుడు మమ్మల్ని ముందు ఇటు వేశారు, తర్వాత అటు కలిపేశారు. మా అమ్మ గడప దాటకుండానే రెండు రాష్ట్రాలు చూసింది. ఇది చెబితే నేని చాలా ఆసక్తిగా ముందుకు వంగి, "బడిలో భాష మార్చారా?" అని అడిగింది.

"లేదు. రెండు వైపులా తెలుగే."

"వీధుల పేర్లు?"

"మా ఊళ్ళో వీధులకు పేర్లెక్కడివి?"

"మరైతే అదేం సరిహద్దే! చేనుకి కట్టిన కంచె" అని తేల్చేసింది. డ్యాం కడుతున్నారు, ఆ ఊరు నీళ్ళలోకి పోతుందట అని చెప్పాక మాత్రం నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

పోయిన చలికాలం ఆమె ఊపిరి బాగా తగ్గిపోయింది. ఒకరోజు నన్ను కూర్చోబెట్టి, "నేను పోతే నువ్వే మా ఊరి చర్చికి ఫోన్ చెయ్యాలి. పాస్టరు భార్య మనవరాళ్ళను చూడ్డానికి అటూ ఇటూ పోతూ ఉంటాడు" అంది. "ఫోన్ ఎత్తేది గంట కొట్టేవాడు, ముసలివాడు, జర్మన్ రాదు. మా భాషలోనే చెప్పాలి" అని వాక్యం నేర్పింది. మెగ్‌హల్ట్, అంటే చనిపోయింది. తర్వాత పేరు. ఆ తర్వాత, కేరెమ్, హరంగొజ్జనక్ నెకి, అంటే దయచేసి గంట కొట్టండి. నేను ఫోన్‌లో తెలుగు అక్షరాలతో రాసుకుని చదివాను. ఆమె మొహం వెలిగిపోయింది. "జర్మన్లకు ఎన్నేళ్ళు చెప్పినా రాలేదు. నీకు దీర్ఘాలు ఎలా వచ్చాయే?" అంది. మా భాషలో అవి లేకపోతే బడికే పోనివ్వరు అని చెప్పాను.

ఊళ్ళో ఆమె పేరంటే మొగుడి పేరే. పెళ్ళయిన ఆడవాళ్ళకు మొగుడి పేరు చివర 'నే' అని తగిలిస్తారట.

"అంటే రామయ్య భార్య రామయ్యనేనా?"

"అంతే."

నాకు నవ్వు ఆగలేదు. "మా భాషలో రామయ్యనే అంటే ఇంకెవరో కాదు, సాక్షాత్తూ రామయ్యే అని" అన్నాను.

నేని కూడా దగ్గు వచ్చేదాకా నవ్వింది. "అన్నేళ్ళు కాపురం చేశాక ఇంకెవరమవుతాం?" అంది. పేరు నోటికి వచ్చేసిందిలే అని నేను దాన్ని రాసుకోలేదు.

ఆమె ఆసుపత్రిలో పోయింది. ఆ వారం మా ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజు, చిన్నోడికి జ్వరం, కీటా వాళ్ళు వద్దే వద్దన్నారు. ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చేసరికి నేను పొయ్యి మీద జావ కలుపుతున్నాను. ఏడుపు రాలేదు. ఇంకొక పని వచ్చి పడిందన్న నీరసమే ముందు వచ్చింది. మనిషి అలసిపోతే ఇలాగే తయారవుతుంది కాబోలు.

మర్నాడు పొద్దున మా ఆయన పిల్లాడి దగ్గర ఉన్నాడు, నేను ట్రామ్ ఎక్కబోతూ ఆ ఊరికి ఫోన్ చేశాను. ఒక ముసలాయన గొంతు పలికింది. నేర్చుకున్నదంతా ఒక్క గుక్కలో అప్పజెప్పేశాను. ఆయన ఏదో అడిగాడు. నాకు ముక్క అర్థం కాలేదు. అర్థం కానప్పుడు యా యా అనేయడం జర్మనీలో మనవాళ్ళందరికీ ఉన్న జబ్బు. అలా యా యా అనే మా ఆయన ఎన్నడూ మొహం చూడని జిమ్‌లో సభ్యుడయ్యాడు. హంగేరియన్‌లో యా అంటే ఇగెన్ అని నేని దగ్గర విని ఉన్నాను. "ఇగెన్, ఇగెన్" అన్నాను. ఆయన ఏదో గొణిగి ఫోన్ పెట్టేశాడు. హమ్మయ్య, ఒక పని అయింది అనుకుంటూ ట్రామ్ ఎక్కాను.

మధ్యాహ్నం మీటింగ్‌లో ఉండగా తెలియని నంబరు నుంచి ఫోన్. కారిడార్‌లోకి వచ్చి ఎత్తాను. పాస్టరు భార్య. జర్మన్ బాగానే మాట్లాడింది, కాని పలకరింపు కూడా లేకుండా మొదలుపెట్టింది.

"పొద్దున ఫోన్ చేసింది మీరేనా? మీరు ఏం చెప్పారో మీకు తెలుసా?"

"నేని పోయిందని చెప్పాను."

"మీరు చెప్పింది మగవాడి పేరు. చివర నే అనలేదు. మా దాంట్లో పోయాడు, పోయింది అని వేరే ఉండదు, పేరును బట్టే తెలియాలి. ఆ పేరుతో ఊళ్ళో ఒక కుర్రాడున్నాడు. సైన్యంలో ఉన్నవాడేనా అని ముసలాయన అడిగితే అవునవును అన్నారట."

అక్కడే మెట్ల మీద కూలబడ్డాను.

ఆమె చెబుతూ పోయింది. ముసలాయన ఏడుస్తూ మూడు విడతలు కొట్టాడట. మూడో విడత మొదలయ్యేసరికి ఊరు ఊరంతా రోడ్డు మీద ఉంది. అక్కడ ప్రతి ఇంటికీ ఒక మగవాడు బయట ఉన్నాడు కదా. చెప్పుల్లేకుండా వచ్చినవాళ్ళు, తడి జుట్టుతో వచ్చినవాళ్ళు, అందరూ చర్చి దగ్గరికి పరిగెత్తి, ఎవరు, ఎవరు అని ఒకటే అరుపులు. ముసలాయన పేరు చెప్పగానే ఆ కుర్రాడి తల్లి రోడ్డు మీదే కూర్చుండిపోయింది. ఎవరో అతనికి ఫోన్ కలిపారు. ఎత్తలేదు. మళ్ళీ చేశారు, ఎత్తలేదు. చాలాసేపటికి ఎత్తి, నిద్రపోతున్నాను, ఏమిటీ గోల అని కసిరాడట.

"తప్పయిపోయింది" అన్నాను. "తప్పయిపోయిందండీ. ఆ అమ్మకు ఎలాగైనా చెప్పండి." అప్పుడు వచ్చింది ఏడుపు. నేని నన్ను అడిగింది ఒక్కటంటే ఒక్క సాయం, దానితో ఒక తల్లి ప్రాణం తీయబోయాను. కోపం కూడా వచ్చింది, నా మీద, ఆ రిలీజు మీద, ఆ తోకమాట మీద.

"ఆగండి, పూర్తిగా వినండి" అందామె. "జర్మనీ నంబరు చూసి, ఆడగొంతు అని ముసలాయన చెబితే అప్పుడు నాకు వెలిగింది. ఎవరు పోయారో చెప్పాను. ఆ తల్లి లేచింది. మిమ్మల్ని తిట్టింది, చాలా తిట్టింది, అది మీకు చెప్పను. తర్వాత ముసలాయన చేతిలోంచి తాడు లాక్కుని, రెండు విడతలు తనే కొట్టింది. నేను కొడతానంటే ఇవ్వలేదు."

"మరి మిగతావాళ్ళు?"

"ఒక్కరూ ఇంటికి పోలేదు. ఇక్కడే ఉన్నారు, నా చుట్టూ. ఒక ముసలమ్మ గంటకి ఇంతమంది నిలబడడం నేను ఈ మధ్య చూడలేదు. ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. వాళ్ళు మిమ్మల్ని ఒకటి అడుగుతున్నారు."

అవతల చాలా గొంతులు, అన్నీ ఆడగొంతులు. గాలి హోరు.

"ఎవరు అని అడుగుతున్నారు. మొగుడి పేరు చెప్పాను. అది కాదు, ఆ మనిషి పేరేమిటి అంటున్నారు. ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచే వయసువాళ్ళంతా పోయారు. నేను ఈ ఊరికి వచ్చేసరికే ఆవిడ వెళ్ళిపోయింది. వారం వారం మాట్లాడాను కాని, నేను కూడా నేని అనే అన్నాను. మీకు తెలుసా?"

నాకు తెలుసు. ఇక్కడి కాగితాల మీద, ఆసుపత్రిలో చేతికి కట్టిన పట్టీ మీద ఆమె పుట్టినప్పటి పేరే ఉంది. కళ్ళు తుడుచుకుని, వాళ్ళు చెప్పుకునే పద్ధతిలోనే, ముందు ఇంటిపేరు, తర్వాత ఆమె పేరు చెప్పాను.

వినపడలేదు, ఇంకోసారి చెప్పమన్నారు. మీటింగ్ గదిలోంచి తలలు నా వైపు తిరుగుతున్నా, లేచి నిలబడి, గట్టిగా, ఇంకోసారి చెప్పాను.